ఉప్పుమడుల నుండి మహానగరం దాకా : నవీ ముంబయి కథ



గుడి లేని ఊళ్లో నివసించరాదని మన పెద్దలు చెబుతూ ఉండేవారు. అందువల్లనే తెలుగువాడు ఏ దేశమేగినా, ఏ నగరంలో స్థిరపడినా, తలదాచుకొనేందుకు ఇల్లు అమరిన మరునాటి నుండే దేవుడికొక గూడు కట్టాలని తపిస్తాడు. ఆలయ జీర్ణోద్ధరణ, కుంభాభిషేక మహోత్సవాల శుభవేళ వెలువడుతున్న ఈ సంచికలో ఆలయ విశేషాలు చదువుతున్న మీకు, ఆ గుడికి చోటిచ్చిన ఊరి చరిత్రను కూడా విన్నవించుకోవటం సముచితమని భావించి ఈ వ్యాసం సమర్పిస్తున్నాను. మన ఊరు వేయేళ్ల కాశీ కాదు, నూరేళ్ల నగరం కూడా కాదు. అరవై ఏళ్లకు పూర్వం ఇది కాగితం మీద గీసిన ఒక ఆలోచన మాత్రమే. ఆ ఆలోచన పదిలక్షల పైచిలుకు జనులకు నివాసమైన నగరంగా ఎలా రూపుదిద్దుకొన్నదో, అందుకు ఎవరెవరు ఏమేమి ధారపోశారో తెలుసుకోవటం ఇక్కడి అన్నం తింటున్న మనందరి విధి.

ద్వీపనగరపు ఇరుకు

ముంబయి మహానగరం మొదట ఏడు చిన్న దీవుల సముదాయమన్న సంగతి మీకు విదితమే. వాటి మధ్యనున్న సముద్రాన్ని పూడ్చి ఒకే భూభాగంగా మార్చారు. మూడువైపులా నీరు, ఉత్తరాన మాత్రమే నేల. అందువల్ల నగరం పొడుగ్గా ఉత్తర దిశకే పెరుగుతూ పోయింది. ఓడరేవు, మిల్లులు, బ్యాంకులు, ప్రభుత్వ కార్యాలయాలు దక్షిణపు కొసన. శ్రామికులు, ఉద్యోగుల ఇళ్లు ఉత్తరాన. ఉదయం లక్షలాది మంది రైళ్లలో దక్షిణానికి, సాయంకాలం అదే లక్షల మంది ఉత్తరానికి! 1961 జనాభా లెక్కల నాటికి 41 లక్షలుగా ఉన్న బృహన్ముంబయి జనసంఖ్య 1971 నాటికి 59 లక్షలు దాటింది. పదేళ్లలో పద్దెనిమిది లక్షల మంది అదనంగా చేరితే ఆ ఇరుకు నేల ఎలా భరిస్తుంది?

ఈ సమస్యను ప్రభుత్వం గుర్తించకపోలేదు. 1958లో ఏర్పడిన బర్వే సంఘం ఠాణే కయ్య మీద వంతెన కట్టి, నగరాన్ని తూర్పు తీరంలోని ప్రధాన భూభాగానికి కలపాలని సూచించింది. 1965లో ప్రముఖ ఆర్థికవేత్త ధనంజయరావు గాడ్గీళ్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం, నగరాన్ని ఒక్కదానినే కాక చుట్టుపక్కల ప్రాంతమంతటినీ కలిపి ప్రణాళిక రచించాలని చెప్పింది. ఆ సిఫారసుల ఫలితంగానే 1966లో మహారాష్ట్ర ప్రాంతీయ, నగర ప్రణాళికా చట్టం వచ్చింది.

ముగ్గురి ఆలోచన

అదే కాలంలో, 1965లో, కళలకూ వాస్తుకూ అంకితమైన 'మార్గ్' పత్రికలో ముగ్గురు ఒక ప్రతిపాదన ప్రకటించారు. వారిలో చార్లెస్ కొరియా, ప్రవీణా మెహతా వాస్తుశిల్పులు. శిరీష్ పటేల్ ఇంజనీరు. ముంబయిని ఇంకా ఉత్తరానికి సాగదీయటం వల్ల ప్రయోజనం లేదనీ, రేవుకు ఆవలి ఒడ్డున కొత్త నగరం ఒకటి నిర్మిస్తే జంటనగరాలు నీటికి ఇరువైపులా సమతూకంతో పెరుగుతాయనీ వారి వాదం. వలస వచ్చేవారిని అడ్డుకోవటం కాదు, వారికి మరొక చోట పనీ ఇల్లూ రెండూ కల్పించాలి అన్నది అందులోని సారాంశం.

పత్రికలలో వచ్చే ప్రతిపాదనలు సాధారణంగా పత్రికలలోనే మిగిలిపోతాయి. ఇది అలా కాలేదు. 1970 మార్చి 17న మహారాష్ట్ర ప్రభుత్వం నగర పారిశ్రామికాభివృద్ధి సంస్థను స్థాపించింది. మనందరం నిత్యం 'సిడ్కో' అని పిలుచుకొనేది దానినే. ప్రతిపాదకులలో కొరియా గారినీ, పటేల్ గారినీ తొలి సంవత్సరాలలో ప్రణాళికా బాధ్యతలకే ఆహ్వానించారు. ఠాణే, పన్వేల్, ఉరణ్ తాలూకాలలోని 95 గ్రామాల పరిధిలో సుమారు 344 చదరపు కిలోమీటర్ల ప్రదేశాన్ని కొత్త నగరానికి నిర్దేశించారు. అంతిమంగా ఇరవై లక్షల జనాభాకు సరిపడే ఊరు కట్టాలన్నది లక్ష్యం.

ప్రణాళికలోని మూలసూత్రం సులభమైనది. భూమినంతటినీ మొదటే సేకరించాలి. రోడ్లు, నీరు, మురుగుకాలువలు అమర్చాలి. అలా విలువ పెరిగిన స్థలాలను అమ్మగా వచ్చిన ధనంతోనే మిగిలిన నగరాన్ని నిర్మించాలి. ఒకే పెద్ద ఊరుగా కాక 'నోడ్లు' అనే 14 చిన్న పట్టణాలుగా విభజించారు. ప్రతి నోడ్‌లో సెక్టార్లు, సెక్టారుకు బడి, ఆటస్థలం, అంగడి. వాషీ, నేరుళ్, బేలాపూర్, ఐరోలి, కోపర్‌ఖైరణే, ఖార్ఘర్ వంటి పేర్లు ఈ విధంగానే మన చిరునామాలలోకి వచ్చాయి. బేలాపూర్‌లో 1980ల దశకంలో కొరియా గారు రూపకల్పన చేసిన ఆర్టిస్ట్స్ విలేజ్ ఈ దృక్పథానికి చక్కని ఉదాహరణ. ఏడేసి ఇళ్లు ఒక చిన్న ముంగిలి చుట్టూ ఉంటాయి. అలాంటి సముదాయాలు మూడు కలిస్తే ఇంకొక పెద్ద వాకిలి. ఏ ఇంటికీ పక్క ఇంటితో ఉమ్మడి గోడ ఉండదు. కనుక కుటుంబం పెరిగినకొద్దీ ఇల్లు కూడా పెంచుకోవచ్చు. మన పల్లెల్లోని నాలుగిళ్ల వాకిలి తెలిసినవారికి అందులోని మర్మం ఇట్టే బోధపడుతుంది.

సముద్రంతో సంధి

ఈ నేలలో చాలా భాగం పల్లపు భూమి. పోటు సమయంలో కయ్య నీటిమట్టం నేల మట్టాన్ని మించిపోయే చోట్లు ఉన్నాయి. భారీ వర్షం, సముద్రపు పోటు ఒకేసారి వస్తే వాననీరు పోయే దారి ఉండదు. అందుకు హాలండ్ దేశపు పద్ధతిని అనుసరించి వాషీ, బేలాపూర్ తదితర నోడ్లలో నీటిని నిలిపే చెరువులు తవ్వించారు. పోటు వచ్చినప్పుడు సముద్రం వైపు తలుపులు వాటంతటవే మూసుకొంటాయి; వాననీరు చెరువులో నిలుస్తుంది; ఆటు సమయంలో తలుపులు తెరుచుకొని నీరు కయ్యలోకి జారిపోతుంది. సాయంకాలం ఆ చెరువుల గట్ల మీద వ్యాహ్యాళికి వెళ్లే మనలో ఎంతమందికి అవి అలంకారం కోసం కాక ఊరిని కాపాడటానికి తవ్వినవని తెలుసు? వాటిలో పూడిక పేరుకుపోతే ఊరికి ముప్పే. చెరువు తవ్వించటం పుణ్యకార్యమని నమ్మే సంప్రదాయం మనది. ఉన్న చెరువును కాపాడుకోవటం అంతకు తక్కువ పుణ్యం కాదు.

ఇరవై ఏళ్ల నిరీక్షణ

1973 ప్రాంతంలో ఠాణే కయ్య మీద వాషీ వంతెన అందుబాటులోకి వచ్చింది. వాషీ తొలి నోడ్‌గా రూపొందింది. అయినా జనం రాలేదు. కారణాలు పరిశీలించదగినవి. రాష్ట్ర సచివాలయం కొత్త నగరానికి తరలివస్తే దానివెంట కార్యాలయాలు, వ్యాపారాలు వస్తాయని ప్రణాళికాకర్తలు ఆశించారు. సచివాలయం రాలేదు సరికదా, అదే కాలంలో పాతనగరపు దక్షిణ కొసన నారిమన్ పాయింట్ వద్ద సముద్రాన్ని పూడ్చి కార్యాలయ సౌధాలు కట్టారు. రెండవది, రైలు లేదు. ముంబయి జీవితానికి రైలు నాడి వంటిది. నాడి ఆడని శరీరంలో ప్రాణం ఎలా నిలుస్తుంది? తొలినాళ్లలో వచ్చి చేరినవారు ఖాళీ సెక్టార్ల నడుమ బస్సు కోసం ఎదురుచూస్తూ కాలం గడిపారు.

క్రమంగా పరిస్థితి మారింది. ముంబయి నడిబొడ్డున ఉన్న టోకు మార్కెట్లను 1980, 1990 దశకాలలో అంచెలంచెలుగా వాషీకి తరలించారు. ఉల్లిపాయలు, మసాలా దినుసులు, ధాన్యం, పండ్లు, కూరగాయలు అన్నిటికీ వాషీయే కేంద్రమైంది. మన గుంటూరు మిరపకాయ, మన బంగినపల్లి మామిడి కూడా ఈ మార్కెట్టు మెట్లెక్కే ముంబయి వంటిళ్లకు చేరుతున్నాయి. 1989లో నావాశేవా వద్ద జవహర్‌లాల్ నెహ్రూ ఓడరేవు ప్రారంభమైంది.

అసలైన మలుపు 1992 మే నెలలో వచ్చింది. మాన్‌ఖుర్ద్ నుండి వాషీకి లోకల్ రైలు నడిచింది. ఈ మార్గపు వ్యయంలో మూడింట రెండు వంతులు సిడ్కోయే భరించటం గమనార్హం. స్థలాలు అమ్మిన డబ్బుతో రైలుమార్గం వేసిన నగరం ఇది. రైలు తరువాత బేలాపూర్ దాకా, 1998 నాటికి పన్వేల్ దాకా సాగింది. అదే 1992 జనవరి 1న నవీ ముంబయి మహానగరపాలిక పని ప్రారంభించింది. అంతవరకు ఒక సంస్థ కట్టి నిర్వహించిన కాలనీల సముదాయం అప్పటి నుండి తన పాలన తానే చూసుకొనే నగరమైంది. 1995లో పాలికకు తొలి ఎన్నికలు జరిగాయి. 2001 జనాభా లెక్కలలో పాలిక పరిధిలో 7 లక్షల మంది ఉండగా, 2011 నాటికి ఆ సంఖ్య 11 లక్షలు దాటింది. ఖాలాపూర్ సమీపంలోని మోర్బే ఆనకట్టను పాలిక తన సొంతం చేసుకొన్నది. సొంత ఆనకట్ట గల నగరాలు దేశంలో అరుదు. ఖార్ఘర్, కామోఠే, కళంబోలి, నవీన్ పన్వేల్ నోడ్లు 2016లో ఏర్పడిన పన్వేల్ మహానగరపాలికలో చేరాయి.

మనవారి చెమట

ముంబయి నిర్మాణంలో తెలుగువారి పాత్ర ఈనాటిది కాదు. కామాఠీపుర అనే పేటకు ఆ పేరు రావటానికి కారణం నిజాం రాజ్యం నుండి వెళ్లి ఆ నగరంలో రాళ్లు మోసి భవనాలు కట్టిన మన కామాటీలే. తెలంగాణ నుండి వెళ్లిన పద్మశాలీలు వర్లీ, పరేల్ ప్రాంతాల బట్టల మిల్లులలో మగ్గాలు నడిపారు. 1982 జనవరిలో ఆరంభమైన మిల్లు కార్మికుల సమ్మె తరువాత మిల్లులు ఒక్కొక్కటిగా మూతబడగా, ఎన్నో కుటుంబాలు బతుకుతెరువు వెతుక్కొంటూ చెదిరిపోయాయి. కరువు తరిమిన పాలమూరు కూలీలు ముంబయి పరిసరాలలో మట్టి తవ్వి, తట్టలు మోసి, రోడ్లు వేశారు. ఆ తరువాత ఠాణే-బేలాపూర్ రోడ్డు వెంబడి కర్మాగారాలకు ఇంజనీర్లు, ఓడరేవుకు గుమాస్తాలు, ఐరోలి మొదలైన చోట్ల కంప్యూటరు సంస్థలకు యువతీయువకులు వచ్చారు. ఈనాడు ఆలయ ప్రాంగణంలో ఒకే పంక్తిలో కూర్చొని ప్రసాదం స్వీకరించే మనలో ఈ అందరి వారసులూ ఉన్నారు. శిలాఫలకం మీద పేరు చెక్కించుకోగలిగిన దాతకూ, ఆ ఫలకాన్ని మోసి గోడకు నిలిపిన కూలీకీ ఈ నగరం సమానంగా రుణపడి ఉంది.

భూమినిచ్చినవారు

ఇప్పటివరకు చెప్పినది కట్టినవారి కథ. ఇక చెప్పవలసినది ఇచ్చినవారి కథ. ఇది లేకుండా ఈ ఊరి చరిత్ర సంపూర్ణం కాదు.

కొత్త నగరం శూన్యంలో వెలయలేదు. ఆ 95 గ్రామాలలో ఆగ్రీ, కోళీ మొదలైన వర్గాల ప్రజలు తరతరాలుగా వరి పండించారు, ఉప్పుమడులు కట్టారు, కయ్యలో చేపలు పట్టారు. ప్రతి గ్రామానికీ ఒక గావ్‌దేవి ఉంది. మన ఊళ్లలో పోలేరమ్మ, ఎల్లమ్మ, మైసమ్మ ఎటువంటివారో అక్కడ ఆ తల్లి అటువంటిది. ఏటా ఆమెకు జాతర జరుగుతుంది.

భూసేకరణ జరిగినప్పుడు పొలాలు పోయాయి. ఇళ్లు మాత్రం మిగిలాయి. పొలం లేని రైతుకు ఇల్లు ఉండి ఏం ప్రయోజనం? ప్రభుత్వం నిర్ణయించిన పరిహారం చాలదనీ, తమ నేల అభివృద్ధి చెంది అమ్ముడుపోతుంటే ఆ విలువలో తమకూ భాగం ఉండాలనీ రైతులు ఉద్యమించారు. న్యాయవాది, శేత్కరీ కామ్‌గార్ పక్ష నాయకుడు ది.బా. పాటిల్ గారు వారికి నాయకత్వం వహించారు. 1984 జనవరి 16, 17 తేదీలలో ఉరణ్ తాలూకాలోని జాసయీ పరిసరాలలో పోలీసు కాల్పులు జరిగి ఐదుగురు రైతులు ప్రాణాలు కోల్పోయారు. ప్రతి సంవత్సరం జనవరిలో అక్కడి ప్రజలు ఆ అమరులకు నివాళులర్పిస్తారు.

ఆ త్యాగం వృథా కాలేదు. సేకరించిన భూమికి బదులుగా, అందులో పన్నెండున్నర శాతం మేరకు అభివృద్ధి చేసిన స్థలాన్ని రైతులకు తిరిగి ఇచ్చే పథకం 1990ల దశకంలో అమలుకు వచ్చింది. అనంతరం విమానాశ్రయం కోసం భూములిచ్చిన వారికి ఆ వాటా ఇరవై రెండున్నర శాతానికి పెరిగింది. భూమి కోల్పోయినవాడికి నగదు ఒక్కటే కాదు, నగరపు ఎదుగుదలలో వాటా కూడా దక్కాలన్న సూత్రం ఇక్కడ పోరాడి సాధించుకొన్నది. మన అమరావతిలో రైతులు రాజధానికి భూములిచ్చి అభివృద్ధి చేసిన స్థలాలు తిరిగి పొందే విధానం గురించి చదివినప్పుడు, అటువంటి ఆలోచనకు ఎంతో ముందే జాసయీ నేల మీద రక్తం చిందిందన్న సంగతి మనం మరువరాదు.

అయినా సమస్యలన్నీ తీరలేదు. కుటుంబాలు పెరిగి, పాత గ్రామాలలో అనుమతులు లేకుండానే ఇళ్ల మీద ఇళ్లు లేచాయి. వాటి క్రమబద్ధీకరణ ఏళ్ల తరబడి వివాదమైంది. కయ్యలో వలలకు చేపలు తగ్గాయని కోళీలు వాపోతారు. విశాలమైన సెక్టారు రోడ్డు దిగి నాలుగడుగులు వేస్తే ఇరుకు సందుల పాతగ్రామం కనబడుతుంది. ఆ సందు చివర గావ్‌దేవి గుడి ఉంటుంది. మనలో ఎందరమో పాతికేళ్లుగా ఆ సందు పక్క నుండే వెళ్తున్నాము గానీ, ఒక్కసారైనా లోపలికి వెళ్లి ఆ తల్లికి నమస్కరించామా?

నేటి నగరం

ఇటీవలి కాలంలో నగరం మరొక మెట్టు ఎక్కింది. 2023 నవంబరులో బేలాపూర్ నుండి పెంఢర్ వరకు తొలి మెట్రో మార్గం ప్రారంభమైంది. 2024 జనవరి 12న శివడీ నుండి సముద్రం మీదుగా సుమారు 22 కిలోమీటర్ల అటల్ సేతువును ప్రారంభించారు. అరవై ఏళ్లకు పూర్వం ముగ్గురు వ్యక్తులు కలగన్న ఆవలి ఒడ్డు ఇప్పుడు కారులో అరగంట దూరం కూడా లేదు. 2025 అక్టోబరు 8న నవీ ముంబయి అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభోత్సవం జరిగి, డిసెంబరు 25 నుండి విమానాలు నడవసాగాయి. అందుకోసం ఉళ్వే కొండను తొలిచారు, నది దారి మళ్లించారు, పది గ్రామాలను ఖాళీ చేయించారు. ఆ విమానాశ్రయానికి ది.బా. పాటిల్ గారి పేరు పెట్టాలని 2022లో రాష్ట్ర శాసనసభ తీర్మానించటం, భూమినిచ్చినవారి స్మృతి ఇంకా సజీవంగా ఉన్నదనటానికి నిదర్శనం.

మరొక వైపు, వాషీలో తొలినాళ్లలో కట్టిన గృహసముదాయాలలో కొన్ని శిథిలమై, పునర్నిర్మాణానికి సిద్ధమయ్యాయి. నిన్నటి కొత్త నగరానికి అప్పుడే జీర్ణోద్ధరణ అవసరమైంది! ఆగమశాస్త్రం ప్రకారం ఆలయానికి పన్నెండేళ్లకొకసారి కుంభాభిషేకం చేసుకొంటాము. ఎంత దృఢంగా కట్టినా కాలం తన పని తాను చేసుకుపోతుందనీ, కట్టడం ఒకనాటి పని కాదు, నిత్యం కాపాడుకోవలసిన బాధ్యత అనీ మన పూర్వులు ఎరిగి ఏర్పరచిన నియమం అది. నగరానికి కూడా అదే నియమం వర్తిస్తుంది.

విన్నపం

భక్తమహాశయులారా! జీర్ణోద్ధరణలో కొత్త రాయిని నిలిపే ముందు దేవతాశక్తిని కలశంలోకి ఆవాహన చేసి, బాలాలయంలో ఉంచి, పని పూర్తయ్యాక సగౌరవంగా తిరిగి ప్రతిష్ఠిస్తాము. పాతదానిని కదిలించేటప్పుడు అనుమతి కోరుతాము, క్షమాపణ వేడుకొంటాము. నగరాలు కట్టేవారు ఈ మర్యాదను అన్నివేళలా పాటించలేదు. ఆ లోటును పూర్తిగా పూడ్చటం మన చేతులలో లేదు. కానీ చేయగలిగినది కొంత ఉన్నది.

ఉత్సవ ఆహ్వానపత్రిక మన బంధుమిత్రులకు చేరుతుంది, ప్రముఖులకు చేరుతుంది. పక్కనున్న పాతగ్రామపు పెద్దలకు కూడా స్వయంగా వెళ్లి ఒకటి అందిద్దాం. అన్నదానంలో వారికి ముందు పంక్తిలో పీట వేద్దాం. గావ్‌దేవి జాతరనాడు మన ఆలయం పక్షాన పసుపు, కుంకుమ, చీర సమర్పించుకొందాం. ఇందుకు పెద్ద విరాళాలు అక్కరలేదు. తెలుసుకోవాలన్న మనసు ఉంటే చాలు.

వరిచేలలో, ఉప్పుమడులలో పనిచేసినవారు ఈ నేలను మనకిచ్చారు. ఎండలో రాళ్లు మోసినవారు ఊరిని నిలబెట్టారు. వారిని తలచుకొన్న తరువాతనే సంకల్పంలో మన గోత్రనామాలు చెప్పుకొందాం. ఈ మహాయజ్ఞంలో పాలుపంచుకొన్న దాతలందరికీ, ఈ నేల మీద జీవించే సమస్త జనులకూ ఆ పరమాత్ముడు ఆయురారోగ్య ఐశ్వర్యాలు ప్రసాదించుగాక!

సర్వే జనాః సుఖినో భవంతు.